పాత గిటార్ పికప్ అసలుదేనా? మీటరు చూసి మోసపోకండి

చర్చి బ్యాండ్‌లో వాయించే కుర్రాళ్లు గిటార్ మార్చినప్పుడల్లా ఒకటో రెండో పికప్‌లు (తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే, అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగ కాయిల్ చుట్టిన భాగాలు) బెజవాడ, గుంటూరుల్లో చేతులు మారుతుంటాయి. కొనేవాడు మీటరు పెట్టి కిలో ఓమ్‌లు చూస్తాడు, తృప్తి పడతాడు. ఆ అంకె కాయిల్ బతికుందో లేదో చెబుతుంది, ఏ కంపెనీదో చెప్పదు.

రీడింగ్ కంపెనీ చెప్పినదానికంటే ఎక్కువ వస్తోందా?
కారణం ఎండ కావచ్చు. రాగి తీగ రెసిస్టెన్స్ డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల గదిలో 16.4 కిలో ఓమ్‌లు చూపే డంకన్ జేబీ (సేమూర్ డంకన్ కంపెనీ పికప్ మోడల్), మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల్లో బస్టాండు దగ్గర కొలిస్తే 17.8 చూపిస్తుంది. అమ్మేవాడు "స్పెషల్ వైండింగ్ అన్నా" అంటే నమ్మేయకండి. ఏసీ గదిలో గంటసేపు ఉంచి మళ్లీ కొలవండి.

సగమే వస్తోందా?
ఎనిమిది రావాల్సిన హంబకర్ (రెండు కాయిళ్ల పికప్) నాలుగు చూపితే ముందు పుష్-పుల్ నాబ్ నొక్కి ఉందో లేదో చూడండి. కాయిల్ స్ప్లిట్‌లో, అంటే ఒక్క కాయిలే పనిచేసేలా ఉంటే అంతే వస్తుంది. రెండే వస్తే కాయిల్స్ ప్యారలల్‌లో కలిపారు.

గిటార్‌లో ఉండగా 250 గానీ 500 గానీ చూపిస్తోందా?
అది వాల్యూమ్ పాట్ (వాల్యూమ్ నాబ్ కింది రెసిస్టర్) విలువ. కాయిల్ తెగింది. వెంట్రుకంత సన్నని తీగ చాలాసార్లు లీడ్ వైరు అతికిన చోటే తెగుతుంది. భూతద్దంలో కొస కనిపిస్తే అతికించవచ్చు. లేదంటే రీవైండింగే, ధర ఆ లెక్కన మాట్లాడుకోండి.

స్టిక్కర్ మీద డంకన్ అని ఉంది, అనుమానంగా ఉందా?
ఇక్కడ తొందరపడకండి. నాలుగు తీగల డంకన్ హంబకర్‌లో నలుపు-తెలుపు ఒక కాయిల్, ఎరుపు-ఆకుపచ్చ ఇంకోటి. ఇంకో కంపెనీ డిమార్జియోలో ఎరుపు-నలుపు ఒకటి, ఆకుపచ్చ-తెలుపు ఇంకోటి. డంకన్‌లో ఎరుపు, తెలుపు కొసలు మామూలుగా కలిపి లెడ్డు పెట్టి ఉంటాయి. ముందు వాటిని విడదీయాలి, లేకపోతే ఏ జత పట్టినా ఏదో ఒక అంకె వస్తుంది. విడదీశాక నలుపు-ఎరుపు మధ్య రీడింగ్ వచ్చిందంటే ఆ స్టిక్కర్ అబద్ధం. రంగులు సరిపోయినంత మాత్రాన అసలుదని కాదు, నకిలీవాడికీ తీగలు దొరుకుతాయి.

ఆల్నికో స్ట్రాట్ పికప్ అంటున్నారా?
ఆల్నికో అంటే అయస్కాంతపు మిశ్రమలోహం, స్ట్రాట్ అంటే ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్. అడుగు తిప్పండి. ప్లాస్టిక్ బాబిన్ (తీగ చుట్టే కండె) కింద అడ్డంగా సెరామిక్ పలక అంటించి ఉంటే అది చవక రకం. ఆల్నికో అయితే పోల్ కడ్డీలే అయస్కాంతాలు, కింద పలక ఉండదు.

వాల్యూమ్ పెంచితే కీచుమంటోందా?
కాయిలో కవరో వదులైంది. మైనం పట్టించాలి. గిన్నెలో నీళ్లు పెట్టి దాని మీద కరిగించండి, 65 డిగ్రీలు దాటితే బాబిన్ వంకరపోతుంది. కీచుమన్నది నకిలీ అనుకోవద్దు, 1950ల గిబ్సన్ కంపెనీ హంబకర్లకు మైనమే లేదు.

ఆ పాత గిబ్సన్‌లకే గిరాకీ, వాటి పేరుతోనే మోసాలూ. 'పేటెంట్ అప్లైడ్ ఫర్' స్టిక్కర్ సుమారు 1957 నుంచి 1962 దాకా వేశారు, ఆ హంబకర్ రూపొందించిన గిబ్సన్ ఇంజనీరు సేత్ లవర్‌కు పేటెంట్ వచ్చింది మాత్రం 1959లో. తర్వాతి స్టిక్కర్‌లోని 2,737,842 పికప్ పేటెంటే కాదు, లెస్ పాల్ టెయిల్‌పీస్‌ది. కాబట్టి నంబరు తప్పని ఎవరైనా కొట్టిపారేస్తే వినకండి, గిబ్సన్ వేసిందే ఆ నంబరు. ఇక స్టిక్కర్ ఒక్కటే సాక్ష్యమైతే, నేనైతే మామూలు హంబకర్ ధరకు మించి పైసా ఇవ్వను.