మొలారిటి లెక్కలు: పరీక్షలకు ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఇంటర్ ప్రాక్టికల్స్, పబ్లిక్ పరీక్షలు, ఆ వెనకే ఈఏపీసెట్ వరుసగా వచ్చిపడే రోజుల్లో, రసాయనశాస్త్రం బాగా చదివిన విద్యార్థులు కూడా మార్కులు పోగొట్టుకునే చోటు ద్రావణాల లెక్కలు. ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి కనుక, ప్రశ్నలో రెండు మొలారిటీలు (మొలారిటి అంటే లీటరు ద్రావణంలో కరిగిన పదార్థం మోల్‌ల సంఖ్య), ఒక ఘనపరిమాణం కనబడగానే చేయి సూత్రం మీదికి పోతుంది. ఏళ్ల తరబడి జవాబు పత్రాలు దిద్దుతూ గమనించినది ఏమిటంటే, ఈ లెక్కల్లో గుణకారం తప్పేవారికన్నా ఆ తొందరలో తప్పేవారే ఎక్కువ.

అన్నిటికన్నా జాగ్రత్తగా వాడవలసినది ‘ఎం1వి1 = ఎం2వి2’ సూత్రం (ఎం మొలారిటి, వి ఘనపరిమాణం). ఒక ద్రావణానికి నీరు కలిపి విలీనం చేసినప్పుడు ద్రావితం మోల్‌ల సంఖ్య మారదు కాబట్టి అక్కడ ఆ సూత్రం సరిపోతుంది. రెండు పదార్థాలు చర్య జరుపుకునే చోట మాత్రం వాటి మోల్‌ల నిష్పత్తి 1:1 అయితేనే చెల్లుతుంది. 0.1 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం 25 మి.లీ.ను తటస్థీకరించడానికి 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ ఎంత కావాలని అడిగితే, 25 మి.లీ. అని రాసేవారు ప్రతి తరగతిలోనూ ఉంటారు. తుల్య సమీకరణం రాసుకుంటే ఒక మోల్ ఆమ్లానికి రెండు మోల్‌ల క్షారం కావాలని తెలుస్తుంది. ఆమ్లం 0.1 × 0.025 = 0.0025 మోల్‌లు, క్షారం 0.005 మోల్‌లు, దాన్ని 0.1తో భాగిస్తే 0.05 లీటర్లు, అంటే 50 మి.లీ. సమీకరణం తుల్యం చేసి, నిష్పత్తి కింద గీత గీసుకున్నాకే అంకెల్లోకి దిగండి.

మి.లీ.ను మొలారిటితో గుణిస్తే వచ్చేవి మిల్లీమోల్‌లు. అలా చేయడంలో తప్పు లేదు, కానీ అదే వరుసలో గ్రాములు, లీటర్లు కలిపితే జవాబు వెయ్యి రెట్లు తప్పుతుంది.

రెండు ద్రావణాలను కలిపే లెక్కల్లో మరి రెండు గోతులున్నాయి. 0.1 మోలార్ సిల్వర్ నైట్రేట్ 50 మి.లీ.కు 0.1 మోలార్ కాల్షియం క్లోరైడ్ 30 మి.లీ. కలిపామనుకోండి. ఘనపరిమాణం తక్కువ కాబట్టి ముందు అయిపోయేది కాల్షియం క్లోరైడే అనిపిస్తుంది. అయితే దాని ఒక్కో మోల్ రెండు మోల్‌ల క్లోరైడ్ అయాన్లను ఇస్తుంది కనుక, క్లోరైడ్ 0.006 మోల్‌లు, సిల్వర్ 0.005 మోల్‌లు ఉంటాయి. ముందు అయిపోయేది సిల్వర్. అడుగుకు చేరే సిల్వర్ క్లోరైడ్ అవక్షేపం (అణుభారం 143.5) 0.005 × 143.5, అంటే సుమారు 0.72 గ్రాములు. మిగిలిన 0.001 మోల్ క్లోరైడ్ గాఢత అడిగితే 30తో కాదు, మొత్తం 80 మి.లీ.తో భాగించాలి, అప్పుడు 0.0125 మోలార్ వస్తుంది. ఇంత దూరం సరిగ్గా వచ్చి ఈ చివరి మెట్టు మీద జారినవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ద్రావణం తయారుచేసే ప్రశ్నల్లో స్ఫటికజలాన్ని మరవకూడదు. 0.05 మోలార్ ఆక్సాలిక్ ఆమ్లం 250 మి.లీ. కావాలంటే 0.0125 మోల్‌లు తూచాలి. ప్రయోగశాలలోని స్ఫటికాలలో రెండు నీటి అణువులుంటాయి కాబట్టి అణుభారం 90 కాదు, 126, తూచవలసినది 1.575 గ్రాములు. దాన్ని 250 మి.లీ. నీటిలో వేయడం కాదు, కొద్ది నీటిలో కరిగించి, ఫ్లాస్కు మెడ మీది గీత వరకు నీరు పోయాలి, ఎందుకంటే మొలారిటిలో లెక్కకు వచ్చేది నీటి ఘనపరిమాణం కాదు, ద్రావణానిది.

ఇదే ద్రావణాన్ని పొటాషియం పర్మాంగనేట్‌తో అంశమాపనం (టైట్రేషన్) చేసేటప్పుడు నిష్పత్తి 2 పర్మాంగనేట్‌కు 5 ఆక్సాలిక్ ఆమ్లం, మోర్ లవణంతో (ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్‌తో) అయితే 1కి 5. ప్రాక్టికల్స్‌లో ఈ రెండిటినీ తారుమారు చేసేవారు చాలామంది కనుక, బ్యూరెట్ నింపక ముందే రికార్డులో సమీకరణం రాసి పెట్టుకోండి. పర్మాంగనేట్ ముదురు రంగులో ఉంటుంది కాబట్టి ద్రవం పై అంచు దగ్గర కన్ను సమానంగా పెట్టి రీడింగ్ చూడండి. ఆక్సాలిక్ ఆమ్లాన్ని 60 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేయకుండా మొదలుపెడితే చర్య నెమ్మదిగా సాగి, రంగు త్వరగా పోక, అంతిమ స్థానం వచ్చిందనిపిస్తుంది; అప్పుడు రాసుకునే రీడింగ్ తక్కువగా ఉండి, పర్మాంగనేట్ మొలారిటి ఉన్నదానికన్నా ఎక్కువగా తేలుతుంది.