అమ్మ లివింగ్ విల్ ఇలా రాయించాం

నాన్న చివరి పదకొండు రోజులు వెంటిలేటర్ మీదే గడిచాయి. ఏం చేయమంటారని డాక్టరు అడిగితే నేనూ అన్నయ్యా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అందుకే అమ్మ బాగున్నప్పుడే, లివింగ్ విల్ (చివరి దశలో ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టుకునే కాగితం) రాయిద్దామా అని అడిగేశాను. తిడుతుందనుకున్నా. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే, "గొంతులో గొట్టాలొద్దు, నొప్పి తెలియకుండా చూడండి చాలు" అంది.

రాసేటప్పుడు "అనవసర వైద్యం వద్దు" అని వదిలేయకండి. కోలుకునే ఆశ లేనప్పుడు వెంటిలేటరా, డయాలసిసా, ముక్కులో గొట్టమా, ఏది వద్దో పేరు పెట్టి రాయండి. మాట చెప్పలేని స్థితిలో తన తరఫున నిర్ణయించేవాళ్ల పేర్లు ఒకటికి మించి ఉండాలి. మేం నా పేరూ వదిన పేరూ పెట్టాం. అన్నయ్య ఐసీయూ గుమ్మం దగ్గరే కళ్లు తిరిగి పడే రకం!

2018లో సుప్రీంకోర్టు దీన్ని అనుమతించినప్పుడు మేజిస్ట్రేట్ సంతకం కావాల్సి వచ్చేది. 2023 నుంచి ఇద్దరు సాక్షులతోపాటు నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం సరిపోతుంది. సాక్షులు బయటివాళ్లయితే మేలు. ఫ్యామిలీ డాక్టరుంటే ఆయనకూ ఒక కాపీ ఇవ్వండి. కాగితం ఉన్నా, అమలు చేసేముందు రెండు వైద్య బృందాలు ఒప్పుకోవాలి. మనసు మారితే ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు.

మా కాపీ అమ్మ మందుల డబ్బాలో, షుగర్ మాత్రల కింద ఉంది.