గ్రాఫు గీసే ముందు ఇవి చూసుకోండి

☐ బార్ల స్కేలు సున్నా నుంచే మొదలైందా? అన్నిటికంటే ముందు ఇదే. 2011 జనాభా లెక్కల్లో అక్షరాస్యత కేరళలో 94 శాతం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 67 శాతం. స్కేలు 60 దగ్గర మొదలుపెడితే కేరళ బారు 34 గళ్లు, మనది 7 గళ్లు. చూసినవాళ్లు మనం కేరళలో ఐదో వంతే అనుకుంటారు. అంకెలు ఒక్కటీ తప్పు కాదు, బొమ్మే అబద్ధం చెప్పింది. లైన్ గ్రాఫుకి మాత్రం ఈ పట్టింపు అక్కర్లేదు. జ్వరం చార్టు సున్నా నుంచి గీస్తే 99కీ 103కీ తేడా కంటికి ఆనదు.

☐ దిగుబడి రెట్టింపైందని ధాన్యం బస్తా బొమ్మని ఎత్తూ వెడల్పూ రెండూ రెట్టింపు చేయకండి. కాగితం మీద అది నాలుగింతలవుతుంది. అదే సైజు బస్తాలు రెండు పక్కపక్కన పెట్టండి, చాలు.

☐ లక్షలా, కోట్లా? ఏ సంవత్సరానివి? ఎవరి లెక్క? బొమ్మ మీదే రాయాలి. వాట్సాప్‌లో బొమ్మ ఒక్కటే తిరుగుతుంది, మీ వ్యాసం దాని వెంట వెళ్లదు.

☐ ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన వద్దు. కొందరికి, ముఖ్యంగా మగవాళ్లలో, ఆ రెండూ ఒకేలా కనిపిస్తాయి. నలుపు తెలుపులో ఒక జిరాక్స్ తీసి చూడండి.

☐ గుండ్రటి పై చార్టులో ముక్కలు ఐదు దాటితే బార్లలోకి మార్చేయండి. త్రీడీ అసలొద్దు, ముందువైపున్న ముక్క లేని పెద్దరికం తెచ్చుకుంటుంది.

☐ ఫోన్లో తెరిచి చూశారా? అక్షరాలు జూమ్ చేయకుండా చదవగలగాలి.