రాళ్ల నొప్పితో అర్ధరాత్రి స్కానింగ్‌కు వస్తే

పల్నాడులో ఒక ఆసుపత్రి సీటీ గదిలో పద్దెనిమిదేళ్లుగా టెక్నీషియన్‌గా చేస్తున్నాను. రాత్రి డ్యూటీలే ఎక్కువ. ఏప్రిల్ వచ్చిందంటే పక్క పట్టుకుని మెలికలు తిరుగుతూ వచ్చేవాళ్లు పెరుగుతారు. చెమట కారిపోతుంది, తాగే నీళ్లు చాలవు, మూత్రం చిక్కబడుతుంది. కిడ్నీలో ఉన్నన్నాళ్లూ కిమ్మనని రాయి, కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే మూత్రనాళంలోకి జారి ఇరుక్కుందంటే ఎంత మొండివాడైనా కూలబడాల్సిందే. ఆ నాళం పొడవు పాతిక సెంటీమీటర్ల పైనే ఉంటుంది గానీ వెడల్పు 3, 4 మిల్లీమీటర్లే మరి.

ముందు నొప్పికి సూది వేయించుకోండి. "సూది వేస్తే స్కాన్‌లో ఏమీ కనపడదేమో" అని పళ్ల బిగువున ఓర్చుకునేవాళ్లున్నారు. సూదితో రాయి ఎక్కడికీ పోదు. పైగా బల్ల మీద మనిషి కదిలితే బొమ్మ చెదురుతుంది, మళ్లీ తీయాల్సి వస్తుంది. రాయి దిగుతుందని చెంబులకొద్దీ నీళ్లు పట్టించకండి. ఆ నొప్పిలో వాంతి చేసుకుంటారు, మత్తిచ్చి చేయాల్సిన పని పడితే అదో తలనొప్పి.

అల్ట్రాసౌండ్ రాస్తే మాత్రం ఓర్చుకోగలిగినంతసేపు బాత్రూమ్‌కు వెళ్లకండి. రాయి నాళం చివరికి వచ్చిందంటే నిమిషానికోసారి వస్తున్నట్టే ఉంటుంది, నాకు తెలుసు. కానీ మూత్రాశయం నిండుగా ఉంటేనే దాని వెనకున్న నాళం చివర కనపడేది. నడిమి భాగాన్ని పేగుల్లో గ్యాసు కప్పేస్తుంది, అందుకే కిడ్నీ ఉబ్బింది గానీ రాయి చిక్కలేదని రిపోర్టు వస్తుంటుంది. అప్పుడు ప్లెయిన్ సీటీ కేయూబీ రాస్తారు, అంటే కిడ్నీలు, నాళాలు, మూత్రాశయం చూసే సీటీ. దానికి రంగు మందు ఎక్కించరు. అందుకని కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు వచ్చేదాకా ఆగే పనీ లేదు, పరగడుపున రావాలన్న రూలూ లేదు.

ఎక్స్‌రేలో రాయి లేదంటే అసలు లేనట్టు కాదు. యూరిక్ యాసిడ్ రాళ్లు ఎక్స్‌రేకు చిక్కవు, సీటీలో తెల్లగా బయటపడతాయి. అలాగని ప్రతిసారీ సీటీయే తీయమని పట్టుబట్టకండి, దానికి రేడియేషన్ ఎక్కువ. అమెరికాలో 15 ఆసుపత్రుల్లో 2,759 మందిని పరిశీలించిన అధ్యయనం 2014లో వచ్చింది. ముందు అల్ట్రాసౌండ్‌తో మొదలుపెట్టినవాళ్లలో ప్రమాదకరమైన జబ్బులు ఎక్కువగా తప్పిపోలేదని తేలింది. మా రేడియాలజిస్టు మేడం ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. పాత సీటీ సీడీ ఉంటే వెంట తెచ్చుకోండి. ఇప్పటికే చాలాసార్లు తీయించుకుని ఉంటే, తక్కువ డోసులో తీస్తారేమో అడగండి.

గర్భిణి అయినా, నెల తప్పిందన్న అనుమానమున్నా గుమ్మంలోనే చెప్పేయండి. వాళ్లకు మొదట అల్ట్రాసౌండే. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం ఫారం ఎఫ్ నింపాలి, గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. గర్భంతో ఉన్నప్పుడు రాయి లేకపోయినా కుడి కిడ్నీ కాస్త ఉబ్బడం మామూలే, ఆ మాట చూసి బెంబేలెత్తొద్దు.

ఇక మొలతాడు. కొత్తలో ఒక పెద్దాయనకు ఎక్స్‌రే తీశాను. నాళం దారిలోనే చక్కగా తెల్లటి గుండ్రటి చుక్క. డ్యూటీ డాక్టరు రాయేనన్నాడు, నేనూ తలూపాను. తీరా మేడం వచ్చి ఫిల్ము చూసి, "రాయికి ఇంత నున్నటి అంచులేంటయ్యా?" అన్నారు. వెళ్లి అడిగితే పంచె ముడి కిందనుంచి మొలతాడు లాగి చూపించాడు, రాగి తాయెత్తు. "నువ్వు అడగలేదుగా బాబూ" అన్నాడు. అప్పట్నుంచీ ప్రతివాళ్లనీ అడుగుతున్నాను. మొలతాడు, పిన్నీసు, బెల్టు, జేబులో తాళాలు తీసేసి రండి. మంగళసూత్రం తీయక్కర్లేదు. మేం తీసేది కిడ్నీల పైనుంచి కిందికే, సూత్రాలు పైకి సర్దుకుంటే చాలు.

బల్ల మీద చేతులు తలపైకి పెట్టి, మైకులో చెప్పినప్పుడు ఊపిరి బిగబట్టండి. కొన్ని సెకన్లే. తర్వాత నేను తెర మీద కిడ్నీ దగ్గర మొదలుపెట్టి, నాళాన్ని పట్టుకుని ఒక్కో ముక్కా కిందికి దిగుతాను. కటి భాగంలో సిరల్లో ఏర్పడే సున్నపు చుక్కలు అచ్చం రాళ్లలాగే ఉంటాయి. చుక్క చుట్టూ ఉబ్బిన గోడ ఉంగరంలా కనిపిస్తే రాయి అనడానికి బలం. నాళం మూత్రాశయంలో కలిసే చోట రాయి ఉంటే ఒక్కోసారి బోర్లా పడుకోమంటాను. లోపలికి పడిపోయిన రాయి ముందుకు దొర్లుతుంది, ఇరుక్కున్నది కదలదు. ఇంతా చూసి కూడా నేను ఏమీ చెప్పను, అడగొద్దు. రిపోర్టు రాసేది డాక్టరే.

చలిజ్వరం వచ్చినా, ఉన్నది ఒక్క కిడ్నీయే అయినా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా క్యాజువాలిటీలో మొదటి మాట అదే చెప్పండి. అడ్డుపడ్డ కిడ్నీలో చీము చేరితే తెల్లారేదాకా ఆగకూడదు, నాళంలో స్టెంటు అనే సన్నటి గొట్టం వేసో పక్కనుంచి గొట్టం పెట్టో మూత్రం బయటికి తీయాలి. అరవై దాటాక మొదటిసారి ఇలాంటి నొప్పి వస్తే అది రాయి కాకపోవచ్చు, పొట్టలోని పెద్ద రక్తనాళం ఉబ్బి పగిలినా ఇలాగే ఉంటుంది. సూదితో నొప్పి తగ్గింది కదా అని డాక్టరు రాసిన స్కాన్ మానేసి వెళ్లిపోకండి. నొప్పి తగ్గినా అడ్డు అలాగే ఉండొచ్చు.

రిపోర్టులో రాయి సైజు, ఎక్కడుంది, కిడ్నీ ఎంత ఉబ్బింది, ఈ మూడూ డాక్టరు చేత చెప్పించుకోండి. 5 మిల్లీమీటర్ల లోపుంటే చాలావరకు కొన్ని వారాల్లో దానంతటదే పడిపోతుంది, 10 దాటితే ఆ ఆశ తక్కువ. ఇంటికి పంపిస్తే మూత్రాన్ని టీ జల్లెడలో వడపోసి, రాయి దొరికితే చిన్న డబ్బీలో వేసి ల్యాబ్‌కు ఇవ్వండి. ఆ జల్లెడ మాత్రం మళ్లీ వంటింట్లోకి రానివ్వకండి.