ఫ్యాషన్ ఫొటోల నుంచి సినిమా దర్శకత్వానికి

బంజారాహిల్స్‌లో చీరల కేటలాగ్‌లు తీసే నేను మొదటి షార్ట్ ఫిల్మ్‌లోనూ నటిని కిటికీ పక్కన నిలబెట్టి, "అలాగే ఉండమ్మా" అన్నాను. ఫ్రేమ్ అందంగా వచ్చింది, సీన్‌లో ప్రాణం లేదు.

అందుకే పోజు చెప్పకండి, పని చెప్పండి. లాడ్‌బజార్‌లో సీన్ అనుకోండి. "బిగుతు గాజు ఎక్కించుకో, నొప్పి బయటపడనీయకు" అనండి. బొటనవేలు లోపలికి మడుస్తుంది, పెదవి బిగుస్తుంది. ఆ ముఖం ఏ పోజులోనూ దొరకదు.

ఫ్లాష్ పక్కన పెట్టేయండి, ఆగకుండా వెలిగే లైట్లు కావాలి. సెకనుకు 24 ఫ్రేములైతే షట్టర్ వేగం 1/50 సెకను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ మిణుకు కూడా పడదు. ఎండ ఎక్కువైతే షట్టర్ ముట్టుకోకండి, లెన్స్ ముందు ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే నల్లటి అద్దం) పెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యం ఎడిటింగ్. కృష్ణానగర్‌లో ఒక ఎడిటర్ పక్కన నెల రోజులు కూర్చున్నాను. నేను మురిసిపోయే ప్రతి షాట్‌కీ ఆయనది ఒకటే ప్రశ్న: "బాగుంది తమ్ముడూ, దీని తర్వాత ఏంటి?" ఇప్పుడు ఆ జవాబు రాసుకున్నాకే కెమెరా తీస్తాను.

ఆలస్యమైందని టెన్షన్ వద్దు. ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్ జెర్రీ షాట్జ్‌బర్గ్ తొలి సినిమా 1970లో వచ్చేసరికి ఆయనకు నలభై దాటాయి. 1973లో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి అందుకున్నారు.