బ్రాంజర్, కాంటూర్ వేసుకునే ముందు చూసుకోవాల్సినవి

కాంటూర్ అంటే ముఖం మీద మనమే వేసుకునే నీడ. అసలు నీడ వెలుతురు మారితే తనూ మారుతుంది. మనం వేసుకున్నది మాత్రం ఉన్నచోటే ఉంటుంది. తిప్పలన్నీ అక్కడే మొదలవుతాయి. ఈ పద్ధతి నాటకాల్లో, సినిమాల్లో పెరిగింది. గట్టి లైట్లు ఎదురుగా పడితే ముఖం చదునుగా కనిపిస్తుంది కాబట్టి, పోయిన నీడల్ని రంగుతో తిరిగి తెచ్చేవాళ్లు. చూసేవాళ్లు దూరంగానో, కెమెరా అవతలో ఉండేవాళ్లు. మీరు వెళ్లే ఫంక్షన్‌లో జనం పక్కనే నిలబడి, అన్ని వైపుల నుంచీ చూస్తారు. వీడియోల్లో చూపించినంత మందంగా వేసుకుంటే పగటి వెలుతురులో చెంపకు మట్టి అంటుకున్నట్టు ఉంటుంది.

బ్రాంజర్ పని వేరు. ఎండ తగిలితే చర్మానికి వచ్చే వెచ్చటి రంగును అది ఇస్తుంది. కాబట్టి ఎండ ముందుగా పడే చోట్లే వేయాలి: నుదుటి పైభాగం, చెంప ఎముకల మీద, ముక్కు మీద కొద్దిగా. కాంటూర్‌ను మాత్రం లోపలికి పోయినట్టు కనబడాల్సిన చోట వేస్తాం. బ్రాంజర్‌లో ఎరుపు, బంగారు ఛాయలు ఉండొచ్చు, కాంటూర్‌లో అవి ఉంటే నీడలా అనిపించదు. మెరుపున్న బ్రాంజర్‌నే బుగ్గల కింద కాంటూర్‌గా లాగించేయడం చాలామంది చేసే పని. మెరుపు మీద వెలుతురు పడితే ఆ చోటు ముందుకు వచ్చినట్టు కనిపిస్తుంది. సన్నబడాల్సిన బుగ్గ ఇంకాస్త ఉబ్బుతుంది.

షేడ్ మీ చర్మం కంటే ఒకటి, మహా అయితే రెండు మెట్లు ముదురుగా ఉంటే చాలు. చామనఛాయ, అంతకంటే ముదురు రంగు ఉన్నవాళ్లు ఇక్కడ ఇంకొంచెం ఆలోచించాలి. కూల్ టోన్ (ఎరుపు, పసుపు కాక బూడిద వైపు తిరిగే ఛాయ) అని రాసి ఉన్న లేత కాంటూర్లు తెల్లటి చర్మం మీద నీడలా ఉంటాయి కానీ, ముదురు చర్మం మీద బూడిదలా తేలిపోతాయి. వీళ్లకు ముదురు చాక్లెట్ రంగు, అది కూడా మరీ ఎరుపు తిరగనిది, బాగా కలుస్తుంది. షేడ్‌ను మణికట్టు మీద కాకుండా దవడ దగ్గర రాసుకుని, పగటి వెలుతురులో చూడండి. వెంటనే నిర్ణయించకండి. చర్మంలోని నూనెతో కలిశాక కొన్ని రంగులు ముదిరి నారింజ వైపు తిరుగుతాయి.

కొత్త డబ్బాను ఫంక్షన్ రోజు పొద్దున తెరవొద్దు. అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ చెప్పే ప్యాచ్ టెస్ట్ ఇది: మోచేతి మడత లాంటి చోట ఒకేచోట రోజుకు రెండుసార్లు చొప్పున 7 నుంచి 10 రోజులు కొంచెం కొంచెం రాస్తూ గమనించాలి. అంత టైమ్ లేకపోతే కనీసం రెండు మూడు రోజులైనా చూడండి. అలర్జీ చాలాసార్లు రాసిన గంటలో కాదు, మర్నాడో ఎల్లుండో బయటపడుతుంది. దాల్చినచెక్క పొడి, కోకో పొడి కలిపి ఇంట్లోనే బ్రాంజర్ చేసుకోవచ్చని చెప్పే చిట్కాలు తెగ తిరుగుతుంటాయి. దాల్చినచెక్కకు ఆ వాసననిచ్చే సినమాల్డిహైడ్ చర్మాన్ని మండించగలదు, అలర్జీ కూడా తెప్పించగలదు. తినేదే కదా, ముఖానికి ఏమవుతుందిలే అనుకోకండి.

ఊరూపేరూ లేని ప్యాలెట్ల జోలికి అసలు వెళ్లొద్దు. పేరున్నవాటితోనూ ఒక సంగతి గుర్తుండాలి. 2019లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చేయించిన పరీక్షల్లో టాల్క్ (పౌడర్లలో వాడే మెత్తటి ఖనిజం) కలిసిన కొన్ని సౌందర్య సాధనాల్లో క్యాన్సర్ తెప్పించగల ఆస్‌బెస్టాస్ బయటపడింది, వాటిలో కాంటూర్ ప్యాలెట్లు కూడా ఉన్నాయి. ఈ రెండు ఖనిజాలూ భూమిలో ఒకే చోట దొరకొచ్చు, కల్తీకి దారి అదే. లేబుల్ చదివితే ఇది తెలియదు. భయం ఉన్నవాళ్లకు టాల్క్ లేని రకం, లేదా క్రీమ్ రకం మేలు. ఏ పౌడరైనా సరే, ఎగిరేది ముక్కులోకి పోకుండా బ్రష్‌ను ముఖానికి దూరంగా దులపండి.

ముందురోజు వాక్సింగ్, చర్మం పై పొరను తీసే పీల్ లాంటివి పెట్టుకోవద్దు. రెటినాయిడ్ (మొటిమలకు, ముడతలకు రాసే విటమిన్ ఎ రకం మందు) వాడుతూ చర్మం పొట్టు లేస్తుంటే పౌడర్ ఆ పొట్టుకే పట్టుకుని తెట్టెలు కడుతుంది. అప్పుడు క్రీమ్ వేసుకోండి, లేదా ఆ రోజుకు కాంటూర్ మానేయండి. మానేస్తే కొంప మునగదు.

బ్రాంజర్ ఎండ రంగు ఇస్తుందే గానీ ఎండ నుంచి కాపాడదు. డబ్బా మీద ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) ఉన్నా నమ్ముకోవద్దు. ఆ అంకెను చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి కొలుస్తారు, పౌడర్‌ను అంత మందంగా ఎవరూ వేసుకోరు. పగటి పూటైతే అడుగున సన్‌స్క్రీన్ ఉండాల్సిందే. రాత్రి ఫొటోలుంటే మాత్రం ఇంకో చిక్కు ఉంది. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న క్రీములు, సిలికా పౌడర్లు ఫ్లాష్ పడితే తెల్లగా మెరవొచ్చు. ముందే ఒకసారి మొత్తం మేకప్ వేసుకుని, చీకటి గదిలో ఫ్లాష్‌తో సెల్ఫీ తీసుకుంటే సంగతి తేలిపోతుంది.

ఇక వేసే తీరు. క్రీమ్ కాంటూర్‌ను పౌడర్ కంటే ముందే వేయాలి. పౌడర్ మీద క్రీమ్ రాస్తే అక్కడక్కడా ఊడి మచ్చలవుతుంది. చెంప ఎముకను వేలితో తడిమి చూడండి, దాని కింద వేలు కొంచెం లోపలికి జారే చోటు ఉంటుంది. చాలామంది గీత సరిగ్గా ఆ గుంటలోనో, ఇంకా కిందో గీస్తారు. దాంతో ముఖం కిందికి లాగినట్టు, నీరసంగా కనిపిస్తుంది. గుంటకు ఒక వెంట్రుకవాసి పైనుంచి, చెవి దగ్గర మొదలుపెట్టి, కంటి బయటి కొస కిందికి వచ్చేసరికి ఆపేయండి. పెదవి మూల దాకా లాగొద్దు. బ్రష్ మొదట ఆనిన చోటే రంగు ఎక్కువ పడుతుంది కాబట్టి ఎప్పుడూ చెవి వైపు నుంచే మొదలవ్వాలి. తర్వాత పైకి బ్లెండ్ చేయండి. కింది అంచు కూడా కరిగిపోవాలి, అక్కడ గీత మిగిలిందంటే పక్క నుంచి చూసేవాళ్లకు ఇట్టే దొరికిపోతారు. సహజంగానే బుగ్గలు లోపలికి పోయినవాళ్లకు ఇదంతా అక్కర్లేదు, కొంచెం బ్రాంజర్ చాలు.

ముక్కు విషయంలో నా సలహా, కొత్తవాళ్లు వదిలేయడమే. రెండు గీతల్లో ఒకటి కాస్త పక్కకు జరిగినా ముక్కు వంకరగా కనిపిస్తుంది. దవడ కింద వేసుకుంటే రంగును మెడ దాకా కలపండి, కాలర్‌కు అంటకుండా పైన కాస్త పౌడర్ అద్దండి.

బాత్‌రూమ్ పసుపు లైటు కింద వేసుకోవద్దు. ఆ వెలుతురులో నారింజ రంగు కంటికి ఆనదు, ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ వేస్తూ పోతాం. కిటికీకి ఎదురుగా కూర్చోండి. అయ్యాక అద్దానికి నాలుగడుగులు వెనక్కి జరిగి, తల అటూ ఇటూ తిప్పి చూసుకోండి. ఎక్కువైతే తడి వైప్‌తో రుద్దొద్దు, అడుగు ఫౌండేషన్ కూడా లేచిపోతుంది. ఫౌండేషన్‌కు వాడిన స్పాంజ్‌నే, కొత్తగా ఏమీ అద్దకుండా, గీత మీద మెల్లగా అద్దితే రంగు తగ్గుతుంది. చెమట పట్టినప్పుడూ అంతే, టిష్యూతో అద్దడమే.

బ్రష్‌లు వారం పది రోజులకోసారి కడగండి, ఎవరికీ ఇవ్వకండి. మూత తెరిచిన డబ్బా బొమ్మలో 12ఎమ్ అని ఉంటే తెరిచాక 12 నెలలే వాడాలని. క్రీమ్ వాసన మారితే ఆ గడువు కూడా చూడక్కర్లేదు, పారేయడమే.

రాత్రి ఎంత అలసిపోయినా తీసేసి పడుకోండి. కాంటూర్ మిగిలిపోయేది జుట్టు మొదళ్లలో, దవడ కింద. తర్వాత మొటిమలు లేచేది కూడా అక్కడే. మంట, దురద మొదలైతే వెంటనే కడిగేసుకోండి. కళ్ల చుట్టూ వాపు వచ్చినా, దద్దుర్లు తగ్గకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఊపిరి ఆడకపోయినా, పెదవులు, నాలుక వాచినా ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. కోపంతో డబ్బా పారేయకుండా వెంట తీసుకెళ్లండి, ఏది పడలేదో పట్టుకోవాలంటే డాక్టర్‌కు ఆ పదార్థాల జాబితా కావాలి.