కిరాణా కొట్లో పొగాకు అమ్మకం మానేయాలనుకుంటే

పొగాకు అమ్మడం తప్పని మనసుకు అనిపించాక కూడా చాలామంది కొట్టు యజమానులు ఏళ్ల తరబడి అమ్ముతూనే ఉంటారు. గిరాకీ పోతుందన్న భయమే కారణం. ఎంత పోతుందో లెక్క కట్టి చూస్తే ఆ భయం సగానికి సగం తగ్గుతుంది.

ముందు 30 రోజులు విడిగా ఒక నోటుబుక్కు పెట్టండి. రోజుకు ఎంత పొగాకు అమ్మారు, అది కొన్న ధర ఎంత, అదే మనిషి ఇంకేం కొన్నాడు అనే మూడు గళ్లు చాలు. ఉదాహరణకు రోజుకు 1,500 రూపాయల అమ్మకం మీద 8 శాతం మిగిలితే 120 రూపాయలు, అంటే నెలకు 3,600. సిగరెట్ కోసం వచ్చి టీ పొడి, బిస్కెట్లు కొనేవాళ్ల వల్ల వచ్చే లాభం కూడా కలపాలి. రోజుకు 200 రూపాయల సరుకు మీద 12 శాతమైతే అది నెలకు 720. మొత్తం 4,320. వాళ్లంతా రావడం మానేసినా పోయేది ఇంతే. మూడో గడి రాయకపోతే లెక్క తప్పుతుంది. చాలామంది వదిలేసేది సరిగ్గా ఆ గడినే.

లెక్క తేలాక ఆపే తేదీ ఖాయం చేయండి. కొత్త ఆర్డరు పెట్టకుండా ఉన్న సరుకు అయిపోవడానికి రెండు వారాలు చాలు. సరుకు తెచ్చి ఇచ్చే లైన్ సేల్స్‌మన్‌కు ముందే చెప్పి, కంపెనీ నుంచి రావాల్సిన స్కీము (రాయితీ) డబ్బు, ఇవ్వాల్సిన బాకీ అన్నీ తేల్చుకోండి. కంపెనీ ఇచ్చిన ర్యాకు వాపసు చేసి, బాకీ లేదని రాయించుకోండి. విప్పిన పెట్టెలు వాపసు ఇవ్వడం కష్టం, అందుకని పెట్టెలు ఒకటి తర్వాత ఒకటి విప్పుతూ రండి. గుట్కా, ఈ-సిగరెట్‌ల సంగతి వేరు. అవి నిషేధించిన సరుకు, అమ్మి ముగిద్దామనుకోకుండా వెంటనే ఆపేయాలి. మిగతా పొగాకు కూడా ఆ రెండు వారాల్లో 18 ఏళ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదు. విద్యాసంస్థకు 100 గజాల లోపు ఉన్న కొట్లో అసలు అమ్మకూడదని 2003 నాటి చట్టం చెబుతోంది. మీ కొట్టు ఆ దూరంలో ఉంటే తేదీ కోసం ఆగే పనే లేదు.

వక్క దగ్గర చాలామంది తడబడతారు. ఆరోగ్యం కోసమే ఆపుతున్నట్టయితే రంగురంగుల వక్కపొడి పొట్లాలు కూడా తీసేయాలి, ఎందుకంటే పొగాకు కలవని వక్క కూడా క్యాన్సర్ తెస్తుందని 2004లోనే తేల్చారు. తాంబూలానికీ పూజకూ కొనే నిండు వక్కలు ఉంచుకోవచ్చని మా అభిప్రాయం, అవి నమలడానికి కొనేవి కావు.

కౌంటరు మీద వేలాడే పొట్లాల దండల చోటు ఖాళీగా ఉంచొద్దు. చెయ్యి అందే ఎత్తులో పల్లీ చిక్కీ, పుట్నాలు, సోంపు పొట్లాలు పెట్టండి. తాడుకు కట్టిన లైటరు కూడా విప్పేయండి, అది కనిపించినంత కాలం సిగరెట్ ఉందా అని అడుగుతూనే ఉంటారు.

ఖాతా ఉన్న పాత గిరాకీలకు బోర్డు కంటే ముందు మీరే నోటితో చెప్పాలి. చుట్ట కాల్చే పెద్దాయన బియ్యం, పప్పు కూడా మీ దగ్గరే కొంటుంటే, తేదీకి వారం ముందు చెప్పండి: "తాతా, వచ్చే సోమవారం నుంచి చుట్టలు పెట్టట్లేదు. మిగతావన్నీ ఎప్పట్లాగే." అంతకుమించి ఉపదేశం చేయొద్దు. బోర్డు మీద "ఇక్కడ బీడీ, సిగరెట్, ఖైనీ దొరకవు" అని ఉంటే చాలు. తెలంగాణలో నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టి బతికే ఆడవాళ్లు మీ కొట్టుకే వస్తారు. బోర్డు మీది మాట వాళ్ల పనిని నిందించేలా ఉండకూడదు.

ఇక్కడే ఒక గీత గట్టిగా గీసుకోవాలి. మీ నమ్మకం ఏ సరుకు అమ్మాలన్నదాని వరకే. ఎవరికి అమ్మాలన్నదానికి అది అడ్డు రాకూడదు. సిగరెట్ కాల్చేవాడికి ఉప్పు ఇవ్వనంటే అది నమ్మకం కాదు, కక్ష. కులం చూసి ఇవ్వనంటే నేరం. అంటరానితనంతో సరుకు నిరాకరించినవారికి 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం కింద జైలు శిక్ష ఉంది. దళితులను, ఆదివాసులను ఆర్థికంగా బహిష్కరిస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా వర్తిస్తుంది. దుకాణాల్లోకి రావడానికి మతం, కులం, లింగం, పుట్టిన చోటు అడ్డు కాకూడదని రాజ్యాంగం 15వ అధికరణం చెబుతోంది.

ఈ ప్రయత్నం చెడేది ఎక్కువగా ఇంట్లోనే. మీరు ఊళ్లో లేని రోజు కొడుకో, పనివాడో తెలిసినాయన అడిగాడని గల్లా పెట్టె కింద నుంచి ఒక పెట్టె తీసి ఇస్తాడు. వారంలో అది ఊరంతా పాకుతుంది. అందుకే తేదీ ఖాయం చేసే ముందే కౌంటరు దగ్గర కూర్చునే ప్రతి ఒక్కరితో మాట్లాడాలి, ఆ రోజు తర్వాత కొట్లో ఒక్క కట్ట కూడా మిగలకుండా చూడాలి. మూడు నెలలయ్యాక అదే నోటుబుక్కు మళ్లీ తెరవండి. కొట్టుకు రావడం మానేసిన పాత గిరాకీలు ఎవరో చూసి, వాళ్లింటికి వెళ్లి, ఇంట్లోకి ఏ సరుకులు కావాలో అడగండి.